మోతాదు అలాగే ఉంచండి

ఆసుపత్రి ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతారు. ‘మేడమ్, మీ కాలంలో యాప్‌లు లేకుండా ఎట్ల చేసేవాళ్లు?’ అని. మా కాలమంటే ఏదో రాజుల కాలమన్నట్టు! నేను రిటైరై ఎన్నాళ్లో కాలేదు. యాప్ మా చేతుల్లోకి కూడా వచ్చింది. ఎంతోమంది ఫోన్లలోకి దాన్ని నేనే ఎక్కించాను. తర్వాత దానితో పోట్లాడాను కూడా. ఆ పోట్లాట సంగతి మీకు చెప్పాలి. ఎందుకంటే రేపు మీరూ పోట్లాడవలసి వస్తుంది.

నా నర్సు ఉద్యోగంలో చివరి భాగమంతా గుండె వాల్వు మార్పించుకున్నవాళ్ల మధ్యే గడిచింది. మార్కాపురంలో మాది పెద్ద ఆసుపత్రేమీ కాదు. ప్రతి గురువారం గుంటూరు నుంచి గుండె డాక్టరు గారు రైల్లో వచ్చేవారు. గిద్దలూరు, దొనకొండ, కురిచేడు, పుల్లలచెరువు వైపుల నుంచి ఆయన కోసం జనం వచ్చేవాళ్లు. మిగతా రోజుల్లో వాళ్లకు ఏ అనుమానం వచ్చినా నాకే ఫోను చేసేవాళ్లు.

లోహపు వాల్వు పెట్టించుకున్న మనిషి బతికినంత కాలం రక్తాన్ని పలచన చేసే మాత్ర వేసుకోవాలి. మా వైపు దాన్ని గుండె మాత్ర అంటారు. మందు చాలకపోతే వాల్వు మీద రక్తం గడ్డకడుతుంది. ఎక్కువైతే ఒంట్లో ఎక్కడ పడితే అక్కడ రక్తం కారుతుంది. అందుకని తరచూ రక్తపరీక్ష చేయించి, వచ్చిన అంకెను బట్టి మాత్ర పెంచాలి, తగ్గించాలి, ఒక్కోసారి రెండు మూడు రోజులు పూర్తిగా మాన్పించాలి. ఏదో జ్వరమొచ్చి ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నాలుగు బిళ్లలు మింగినా చాలు, ఆ అంకె తారుమారైపోతుంది.

యాప్ రాకముందు మధ్యాహ్నం పూట నేను ఫోను పట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరి ఊళ్లో వాళ్లు పరీక్ష చేయించుకుంటే, డాక్టరు గారిని అడిగి, మోతాదు చెప్పేదాన్ని. ఊరికే చెప్పి పెట్టేసేదాన్ని కాదు. ‘ఇప్పుడు నువ్వు చెప్పు, ఈ రాత్రికి ఏం వేసుకుంటావు?’ అని అడిగేదాన్ని. కొందరు విసుక్కునేవాళ్లు. ‘నేనేమన్నా చిన్నపిల్లోడినా సిస్టరమ్మా, అప్పజెప్పించుకుంటాండావు?’ అని గిద్దలూరు పెద్దాయన ఒకాయన ప్రతిసారీ అనేవాడు. అంటూనే అప్పజెప్పేవాడు.

తర్వాత ఒక నగరంలోని కంపెనీ వాళ్లు తయారు చేసిన యాప్‌ను మా ఆసుపత్రి తీసుకుంది. మంచి పనిముట్టే. అందులో సందేహం లేదు. ఊళ్లోని ల్యాబువాళ్లు రక్తపరీక్ష అంకె అందులో ఎక్కిస్తారు. డాక్టరు గారి ఫోనులో ఆ అంకె, దానికి తగిన మోతాదు ఇంగ్లీషులో కనిపిస్తాయి. ఆయన చూసి సరేనని వేలితో నొక్కితే రోగి ఫోనుకు మెసేజ్ పోతుంది. ఆయన రైల్లో ఉన్నా ఆ పని జరిగిపోతుంది. గిద్దలూరు మనిషి కూలి మానుకుని, బిడ్డను ఎవరింట్లోనో వదిలి మా దాకా రానక్కర్లేదు. ఓపీ హాల్లో ఒక్కొక్కరి పక్కన కూర్చుని నేనే అందరి ఫోన్లలో అది పెట్టించాను.

మొదట్లో మెసేజ్‌లు ఇంగ్లీషులోనే వచ్చేవి. అర్థం కాక జనం ఫోను పట్టుకుని మందుల దుకాణానికో, బడి పంతులు దగ్గరికో పోయేవాళ్లు. తెలుగులో ఇమ్మని డాక్టరు గారు అడిగారు, నేను అడిగాను, రోగులైతే గట్టిగానే అడిగారు. కొన్నాళ్లకు తెలుగు వచ్చింది. ఆ పూట హాల్లో అందరం సంబరపడ్డాం.

తెలుగుతో పాటు ఆసుపత్రి మేనేజరు గారి నిర్ణయం ఒకటి వచ్చింది. ‘ఇంక మీరు ఫోన్లు చేయనక్కర్లేదు సిస్టర్. ఒకే పని రెండుసార్లు ఎందుకు? మధ్యాహ్నాలు వార్డులో ఉండండి, అక్కడ మనుషులు చాలడం లేదు’ అన్నారాయన. ఆయన చెడ్డవాడు కాదు. వార్డులో మనుషులు చాలడం లేదన్నది కూడా నిజమే. నేను వార్డుకు పోయాను.

ఆ తర్వాత ఒక గురువారం, ఓపీ మొదలై కాసేపయింది. పుల్లలచెరువు అవతల, అడవి అంచున ఉండే ఊరి నుంచి ఒక జంట వచ్చింది. మేకలు మేపుకుని బతికేవాళ్లు. ఆమెకు చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం గుండెను పాడుచేస్తే, పెళ్లయ్యాక వాల్వు మార్చారు. మామూలుగా ఆమె వస్తే హాలంతటికీ తెలిసేది. ఏ మేక ఈనిందో, ఏ మేకను తోడేలు ఎత్తుకుపోయిందో పక్కవాళ్లకు చెప్పకుండా ఉండలేదు. ఆ రోజు గోడకు తల ఆనించి, కళ్లు మూసుకుని కూర్చుంది.

‘ఏంది, ఇయ్యాల మాటల్లేవు?’ అన్నాను.

‘తల పగిలిపోతాందక్కా. నిన్నటి సంది ఇట్లనే ఉంది. పొద్దున బస్సులో వాంతి గూడ అయింది.’

బీపీ చూసి పట్టీ విప్పితే, అది బిగిసినంత మేరా చర్మం కమిలి నల్లగా కనిపించింది. ముంజేతుల మీద కూడా అలాంటి మచ్చలే.

‘ఇవేంది?’

‘మేక కుమ్మిందిలేక్కా, దానిదేముంది’ అంది. మాట్లాడుతుంటే పళ్ల చిగుళ్ల దగ్గర ఎర్రగా తడి కనిపించింది. కొంగు చివర అప్పటికే చాలాసార్లు తుడుచుకున్న మరకలున్నాయి.

ల్యాబు నుంచి వచ్చిన అంకె చూస్తే, రక్తం మరీ పలచబడిపోయిందని తెలిసింది. అంత పెద్ద అంకెను నేను అరుదుగా చూశాను.

డ్యూటీ డాక్టరు కుర్రవాడు. ఆ అంకె చూసి కంగారుపడ్డాడు. కంగారు కోపమైంది. ఆమె భర్తను పట్టుకుని, ‘మాత్రలు రెండేసి ఇచ్చావా? పోయిన పరీక్షలోనే ఎక్కువ వచ్చిందని మెసేజ్ పంపాం కదా, ఎందుకిచ్చావు అసలు?’ అన్నాడు.

భర్త బిత్తరపోయాడు. ‘ఒకటే ఇచ్చినా సార్. రోజూ రాత్రి అన్నం తిన్నంక నేనే ఇస్తా. మీరు జెప్పినట్లే ఇచ్చినా. ఒక్క పూట గూడ తప్పలే.’

‘మానమని పంపితే మానకుండా ఇస్తే ఎట్లా?’

‘మానమని యాడ జెప్పినారు సార్?’

ఆసుపత్రిలో ఏదైనా తేడా వస్తే మన నోరు ముందు రోగి మీదికే పోతుంది. మీరంతా గుర్తుపెట్టుకోండి, ఇది మనందరికీ ఉన్న జబ్బు. చదువుకోలేదు, చెప్పింది వినలేదు అనేస్తాం. ఆ రోజు అలా అనకుండా ఆగిన మనిషి మా గుండె డాక్టరు గారే. గొడవ విని గదిలోంచి బయటికి వచ్చారు. ముందు ఆమె కళ్లలో లైటు వేసి చూశారు, చేతులు రెండూ పైకెత్తమన్నారు. ఎడమ చెయ్యి సగంలోనే ఆగిపోయింది. ఆయన మొహం మారింది. ఇంజెక్షన్ రాసిచ్చి, గుంటూరుకు అంబులెన్సు పిలవమని నాకు చెప్పి, అప్పుడు భర్త వైపు తిరిగారు.

‘ఆ మెసేజ్ నీ దగ్గరుందా నాయనా? నువ్వే చదువు. గట్టిగా చదువు.’

అతను ఏడో తరగతి దాకా చదివాడట. ఫోను రెండు చేతుల్తో పట్టుకుని, మాట మాటకూ ఆగుతూ చదివాడు. ‘మీ రక్తపరీక్ష ఫలితం ఎక్కువగా ఉంది. మోతాదు అలాగే ఉంచండి. మూడు రోజుల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోండి.’

‘దానర్థమేంది?’

‘ఎక్కువుందంటే మేలేననుకున్నాం సార్. అలాగే ఉంచమన్నారు గదా. ఎప్పుడూ ఇచ్చినట్లే ఇచ్చినా. మళ్లీ పరీక్ష అంటే గురువారం ఎట్లా మీ దగ్గరికే వస్తాం గదా అనుకున్నాం.’

డాక్టరు గారు తన ఫోను తీసి అతని ఫోను పక్కన పెట్టారు. ఆయన నొక్కిన దాంట్లో ఇంగ్లీషులో ‘హోల్డ్ డోస్’ అని ఉంది. ఆ మాట డాక్టర్ల భాషలో మందు ఆపమని. తెలుగు చేసినవాళ్లకు హోల్డ్ అంటే పట్టుకోవడం, ఉంచడం. అలాగే ఉంచేశారు.

‘నేను చదివినప్పుడు నాకు ఆపమన్నట్టే ఉంది సార్’ అన్నాడు డ్యూటీ డాక్టరు, గొంతు తగ్గించి.

‘మనకు ముందే తెలుసు కాబట్టి’ అన్నారు డాక్టరు గారు.

అంబులెన్సు ఎక్కించేటప్పుడు ఆమె భర్త నా చెయ్యి వదల్లేదు. ‘నా చేత్తో నేనే ఇచ్చినా గదక్కా’ అన్నాడు. డాక్టరు గారు అతని భుజం పట్టుకుని తనవైపు తిప్పుకున్నారు. ‘నీ తప్పు రవ్వంత కూడా లేదు. మేం చెప్పింది నువ్వు చేసినావు. తప్పు మా మాటలో ఉంది. ఈ సంగతి నీ ఊళ్లో ఎవరడిగినా ఇట్లే చెప్పు’ అన్నారు. ఒక పెద్ద డాక్టరు అంత జనం ముందు అలా అనగా నా ఉద్యోగంలో వినడం అదే మొదటిసారి.

అంబులెన్సు గేటు దాటింది. అప్పుడు మా ఇద్దరికీ ఒకేసారి ఒకే ఆలోచన వచ్చింది. ఆ మెసేజ్ ఇంకా ఎవరెవరికి పోయింది?

ఓపీని డ్యూటీ డాక్టరుకు అప్పగించి, ఆయనా నేనూ మేనేజరు గారి గదిలో కూర్చున్నాం. మందు ఆపమని తాను ఎవరెవరికి నొక్కారో డాక్టరు గారి ఫోనులో కనిపిస్తోంది. ఎక్కువమంది లేరు. ఆయన పేరు చెప్పడం, నేను ఫోను చేయడం. ఒకామె, ‘మా పాప ఇంటర్ చదువుతాంది, ఇంగ్లీషులో పెట్టి చూసి మానమనింది’ అని చెప్పింది. ఇంకొకతను గిద్దలూరులో టైలరు. ‘ఏసుకుంటానే ఉన్నా సిస్టర్. పళ్లు తోముకుంటే రక్తం వస్తాంది, బ్రష్ గట్టిదేమోనని కొత్తది తెచ్చుకున్నా’ అన్నాడు. మాత్ర ముట్టుకోవద్దని, దొరికిన మొదటి రైలెక్కి రమ్మని చెప్పాను. చెప్పి, ‘ఇప్పుడేం చేస్తావు?’ అని అడిగాను. ‘మాత్ర ఏసుకోను. స్టేషనుకు పోతాండా’ అన్నాడు. పాత అలవాటు మళ్లీ నా నోటికి వచ్చిందని అప్పుడు గమనించాను.

ఈలోగా మేనేజరు గారు కంపెనీకి ఫోను కలిపారు. అటువైపు అబ్బాయి ఎంతో మర్యాదగా, ‘టికెట్ రైజ్ చేయండి సార్’ అన్నాడు. ఫిర్యాదు నమోదు చేయమని దానర్థమట. మా డాక్టరు గారికి తెలిసిన టికెట్టు రైలు టికెట్టు ఒక్కటే. ‘మీ పెద్దవాళ్లను పిలువు బాబూ’ అన్నారు. చాలాసేపటికి ఒక పెద్దాయన లైన్లోకి వచ్చాడు. తెలుగంతా భాషా నిపుణుల చేత చూపించామనీ, మాటలో తప్పేమీ లేదనీ, అయినా పరిశీలించి వచ్చే అప్‌డేట్‌లో మారుస్తామనీ చెప్పాడు.

‘వచ్చే అప్‌డేట్ ఎప్పుడు?’

‘రెండు మూడు వారాల్లో సార్.’

‘ఇక్కడొక మనిషి తలలో రక్తం కారుతోంది’ అన్నారు డాక్టరు గారు. గొంతు పెంచలేదు. ‘తెలుగు మెసేజ్‌లు ఇప్పుడే ఆపండి. మీరు ఆపేదాకా నా వేలు మీ యాప్ మీద పడదు. ఇంకొకటి చెప్పండి. ఇది ఇంకా ఏయే ఊళ్లలో వాడుతున్నారు?’

‘అది బయటికి చెప్పడానికి లేదు సార్.’

‘సరే, నాకు తెలిసిన గుండె డాక్టర్లందరికీ నేనే చెప్పుకుంటాను’ అని ఫోను పెట్టేశారు.

మేనేజరు గారికి చెమటలు పట్టాయి. ‘సార్, పెద్దవాళ్లను పిలిచి ప్రారంభించుకున్నాం. ఇప్పుడు మనమే తప్పుందని ఊరంతా చెబితే...’

‘చెప్పకపోతే వేరే ఊళ్లో ఎవరో ఈ రాత్రి మాత్ర వేసుకుంటారు’ అన్నారాయన. అప్పటికే నంబరు నొక్కుతున్నారు.

ఇక ఒక్క మనిషి మిగిలాడు. దొనకొండ దగ్గర పల్లెలో ఉండే ముసలి రైతు. ఎన్నిసార్లు చేసినా ఫోను కలవలేదు. ఆ ఊరి ఆశా కార్యకర్త నాకు తెలుసు. ఆమెను అడిగితే వాళ్లింటికి పోయి కనుక్కుని చెప్పింది. ‘కందులు అమ్మను కురిచేడు పోయినాడంట మేడమ్. పోయేటప్పుడు నీరసంగా ఉందన్నాడంట. ఫోను ఇంట్లోనే ఉంది, ఛార్జింగు లేదు.’

నీరసం అనే మాట ఎన్ని రకాలుగా ఉంటుందో నర్సుకే తెలుసు. నేను లేచాను. మేనేజరు గారు, ‘వార్డు?’ అన్నారు.

‘వార్డులో ఇంకో సిస్టరుంది సార్. ఆయన దగ్గర ఎవరూ లేరు’ అన్నాను. ఆసుపత్రి బండి తీసుకుని, డ్రైవరుతో బయల్దేరాను.

ఎండ మండిపోతోంది. దారి పొడవునా కోసేసిన చేలు, రాళ్లు, అక్కడక్కడా గొర్రెల మందలు. డ్రైవరు మామూలుగా మాటకారి. ఆ రోజు నా మొహం చూసి, కబుర్లు పక్కన పెట్టి బండి వేగం పెంచాడు. కురిచేడు చేరాక కందులు కొనే దుకాణాలన్నీ ఒక్కొక్కటిగా తిరిగాం. చివరికి ఒక దుకాణం అరుగు మీద, గోతాలకు ఆనుకుని కాళ్లు చాపుకుని పడుకుని ఉన్నాడు ఆ పెద్దాయన. కళ్లు మూసి ఉన్నాయి. నేను వంగి మణికట్టు పట్టుకున్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. ‘ఏంది సిస్టరమ్మా, నువ్వు గూడ కందులు దెచ్చినావా?’

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. చిగుళ్లు చూశాను, చేతులు చూశాను, కళ్లు చూశాను. ఎక్కడా మచ్చ లేదు.

‘పెద్దాయనా, గుండె మాత్ర వేసుకుంటున్నావా?’

‘యాడ ఏసుకుంటిని? మీరే గదా వద్దన్నారు.’

‘ఎవరు వద్దన్నారు?’

‘ఫోనులో వచ్చె గదా. మా మనవరాలు చదివింది. మోతాదు అలాగే ఉంచండి అని. మోతాదంటే మాత్రే గదా? అట్లనే ఉంచమంటే డబ్బాలోనే ఉంచినా. ముట్టుకోలే. ఏం, తప్పా?’

‘కాదు, కాదు. మంచి పని చేసినావు. మరి నీరసమంటివంట?’

‘పొద్దున సంది ఏం తినకపోతిని. నీరసం రాక ఏమొస్తాది?’

డ్రైవరు పక్క కొట్టుకు పోయి ఇడ్లీ తెచ్చాడు. తిన్న తర్వాత ఆయన్ను బండిలో ఎక్కించుకుని మార్కాపురం తెచ్చి పరీక్ష చేయించాను. అంకె దిగి దారిలోకి వచ్చింది. ఆ సాయంత్రానికే టైలరు కూడా చేరాడు. అతన్ని వార్డులో పడుకోబెట్టాం.

ఒకే వాక్యం. ఒకింట్లో అది మాత్ర ఇమ్మని చెప్పింది, ఇంకో ఇంట్లో ముట్టుకోవద్దని చెప్పింది. రెండిళ్లవాళ్లూ మా మాట తు.చ. తప్పకుండా పాటించారు. ఈ సంగతి డాక్టరు గారికి చెప్పాను. ‘పూర్తిగా తప్పు మాటైతే ఎవరో ఒకరు ముందే పట్టుకునేవాళ్లు సిస్టర్. ఇది సగం ఒప్పు, అందుకే ఎవరికీ దొరకలేదు’ అన్నారు.

తెలుగు మెసేజ్‌లు చీకటి పడకముందే ఆగిపోయాయి. డాక్టరు గారు చేసిన ఫోన్లకు వేరే ఊళ్ల డాక్టర్లు కూడా కంపెనీ మీద పడ్డారట.

గుంటూరులో ఆ మేకలామె పరిస్థితి చాలా రోజులు అటూ ఇటూగా ఉండింది. తలలో చిన్న రక్తస్రావం. రక్తం గట్టిపడటానికి మందివ్వాలి, కానీ మరీ గట్టిపడితే వాల్వు మూసుకుపోతుంది. అక్కడి డాక్టర్లు గంట గంటకూ చూసుకుంటూ నెట్టుకొచ్చారు. బతికింది. ఎడమ చెయ్యి మాత్రం పట్టు తప్పింది. మొదటిసారి తిరిగి ఓపీకి వచ్చినప్పుడు, ‘పాలు పితకను రావడంలేదక్కా. మేక నన్ను జూసి నగుతాంది’ అంది. ఆమె నవ్వించాలనే అంది. నేను నవ్వలేకపోయాను.

ఆ తర్వాత జరిగిందే నిజమైన పోట్లాట. అది అరుపుల పోట్లాట కాదు. పట్టు విడవకుండా కూర్చోవడం.

యాప్ మళ్లీ మొదలుపెట్టాలని అందరికీ ఉంది. నాకూ ఉంది. అది లేకపోతే గిద్దలూరు మనిషి మళ్లీ రోజు కూలి పోగొట్టుకుంటాడు. కానీ నేను రెండు మాటలు పట్టుకున్నాను. ఒకటి, ఏ తెలుగు మెసేజ్ అయినా ముందు మా హాల్లో రోగులకు చదివి వినిపించాలి. అర్థమైందా అని అడగకూడదు. ‘ఇది వచ్చాక ఇంటికి పోయి ఏం చేస్తావు?’ అని అడగాలి. రెండోది, మందు ఆపమనే మెసేజ్ పోయిన ప్రతిసారీ ఒక మనిషి ఫోను చేసి మాట్లాడాలి. ఆ రెండూ జరిగేదాకా నేను కొత్తగా ఎవరి ఫోనులోనూ యాప్ పెట్టించనని చెప్పాను.

మేనేజరు గారు తలుపు వేసి మరీ అడిగారు. ‘రిటైర్మెంట్ దగ్గర పడింది గదా సిస్టర్. ఎందుకు మీకీ తలనొప్పి?’

‘తలనొప్పితో వచ్చింది ఆమె సార్. నేను కాదు.’

ఆయన గురించి ఒక మంచి మాట చెప్పాలి. మరుసటి వారం ఆయనే నా మధ్యాహ్నాలు నాకు తిరిగి ఇచ్చారు. వార్డుకు ఇంకొకరిని వెతికారు. కంపెనీకి కూడా, రోగుల ముందు చదవకుండా ఏ మార్పూ మా ఆసుపత్రిలోకి రానివ్వనని ఆయనే చెప్పారు.

కంపెనీ నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. ఎదురు వాదిస్తుందనుకున్నాను. వాదించలేదు. ‘మేము దీన్ని ఒక్కసారి కూడా వాడే మనిషికి చూపించలేదు మేడమ్. డాక్టర్లకే చూపించాం’ అంది. ల్యాప్‌టాప్ పట్టుకుని నేరుగా హాల్లోకి పోయి, బెంచీ మీద రోగుల మధ్య కూర్చుంది. భాషా నిపుణులు సవరించి ఇచ్చిన కొత్త వాక్యం చదివింది. ‘ఈ రోజు మోతాదును నిలిపివేయండి.’

‘ఇది వస్తే ఏం చేస్తారు?’ అని నేను అడిగాను.

దొనకొండ పెద్దాయన మీసం దువ్వుకుని, ‘నిలిపి, వేయండి అంటాండారు గదా. కొంచేపు ఆగి ఏసుకుంటా’ అన్నాడు. పక్కన కూర్చున్నామె తలూపింది. ‘అవును, అన్నం దిన్న ఎమ్మటే గాకుండా.’

ఇంజనీరమ్మాయి కళ్లు పెద్దవి చేసి నా వైపు చూసింది. ఆ వాక్యం మళ్లీ తనలో తాను చదువుకుంది. కొట్టేసింది. ఇంకో వాక్యం తీసింది. అందులోనూ చివర వేయండే, ‘దాటవేయండి’ అని ఉంది. అది పైకి చదవకుండానే కొట్టేసింది. మా డాక్టరు గారు గది గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

‘మీరైతే ఎలా చెబుతారు?’ అని ఆ అమ్మాయి హాలును అడిగింది.

బెంచీ చివరన కూర్చున్న మేకలామె అంది. ‘మింగొద్దు అనరాదా?’

ఆ అమ్మాయి టైపు చేసి చదివింది. ‘ఈ రోజు రాత్రి గుండె మాత్ర మింగొద్దు. రేపు కూడా మింగొద్దు. ఎల్లుండి పొద్దున రక్తపరీక్షకు పోండి.’ తర్వాత కాస్త మొహమాటంగా, ‘మరీ ముతకగా ఉందేమో, మా ఆఫీసులో ఒప్పుకోరేమో సార్’ అంది గుమ్మం వైపు చూసి.

‘ఒప్పుకోకపోతే నాతో మాట్లాడమను’ అన్నారు డాక్టరు గారు.

నేను ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగాను. పెద్దాయన మింగనన్నాడు. టైలరు మింగనన్నాడు. చివరికి మేకలామె భర్తను అడిగాను. అతను నేల చూపు చూస్తూ, ‘ఇయ్యను’ అన్నాడు. మళ్లీ తలెత్తి, గట్టిగా, ‘ఇయ్యను’ అన్నాడు.

ఇంజనీరమ్మాయి ఆ వాక్యాన్ని భద్రం చేసుకుంది. ఊపిరి పీల్చుకుని, ‘ఇంకా చాలా మెసేజ్‌లున్నాయి మేడమ్. అన్నీ ఇట్లాగే చూడాలా?’ అని అడిగింది. గడియారం వైపు చూసింది. తిరుగు రైలుకు వేళవుతోందని మాకందరికీ తెలుసు.

నేను జవాబు చెప్పబోయాను. నాకంటే ముందు మేకలామె పట్టు తప్పిన ఎడమ చేతిని కుడి చేత్తో ఎత్తి ఒళ్లో సర్దుకుని, బెంచీ మీద ఇంకాస్త దగ్గరికి జరిగింది.

‘తర్వాతది చదువు పాపా.’